ఒక మీటరు, రెండు వంటిళ్ళు

మా పక్కింటి అక్కాచెల్లెళ్ళు రెండేళ్ళపాటు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఉండేది మాత్రం ఒకే ఇల్లు. వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేస్తూ కూడబెట్టి కట్టించింది. కింద వాటాలో పెద్దది రమ్యలత, మేడ మీద చిన్నది ఇనోకా. మాకూ వాళ్ళకీ మధ్య మందార చెట్ల కంచె ఒక్కటే అడ్డం. అటు గిన్నె పడితే ఇటు వినపడుతుంది.

రమ్యలత పెళ్ళి చేసుకోలేదు. మంచాన పడ్డ తల్లిని కడదాకా చూసుకుంది. బడిపిల్లలకి తెల్ల యూనిఫారాలు కుట్టి బతుకుతుంది. ఆమె కుట్టిన గౌన్లకి కురునేగల బజారులో మంచి పేరుంది. ఇనోకా భర్త ఉపుల్ ఆటో నడుపుతాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, సందుని. పదో తరగతి పరీక్షకి చదువుతోంది.

మాటలు ఎందుకు ఆగిపోయాయంటే, తల్లి పోయి ఏడాది తిరిగినప్పుడు ఇంట్లో భిక్షువులకి దానం పెట్టారు. ఆ రోజు ఇనోకా తన వంతు కూరలు వండకుండా బయటి నుంచి తెప్పించింది. వచ్చిన బంధువుల ముందే రమ్యలత, "అమ్మ బతికుండగా నీ చేతి ముద్ద తిన్నది లేదు. పోయాకైనా తింటుందేమో అనుకున్నాను" అంది.

ఇనోకాకి ఒళ్ళు మండింది. "వండిపెట్టడానికి నాకు మొగుడూ పిల్లా ఉన్నారు. ఏడాది పొడుగునా వండుతూనే ఉన్నాను. నీకెవరున్నారని వంటల గురించి నాకు చెప్తావు?" అనేసింది.

రమ్యలత చేతిలో ఉన్న గరిటె బల్ల మీద పెట్టి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తలుపు మర్నాడు తెరుచుకుంది గానీ నోరు తెరుచుకోలేదు. చెల్లెల్ని "నంగీ" అని తప్ప ఏనాడూ పేరు పెట్టి పిలవని మనిషి, అప్పటి నుంచి "మేడ మీది ఆవిడ" అనడం మొదలుపెట్టింది.

ఇద్దరి మధ్యా కబుర్లు మోసే పని ఉపుల్ మీద పడింది. రమ్యలత అతన్ని సొంత తమ్ముణ్ణి పిలిచినట్టు "మల్లీ" అని పిలిచేది. "మల్లీ, మెట్ల మీద కొబ్బరిపీచు పోస్తున్నారు, చెప్పు." అతను మెట్లెక్కి చెప్పేవాడు. "వాన పడితే తడుస్తుందని పోశాను, వెళ్ళి చెప్పండి." అతను మెట్లు దిగి చెప్పేవాడు. ఒకసారి నాతో, "సుమనక్కా, రోడ్డు మీద ఆటో నడిపితే కిలోమీటరుకి ఇంత అని ఇస్తారు. ఈ మెట్ల సర్వీసుకి ఇచ్చేవాడు లేడు" అని నవ్వాడు.

ఆ ఏడాది కరెంటు రేట్లు వెంటవెంటనే రెండుసార్లు పెరిగాయి. వాడకం ఒక గీత దాటిందంటే మొత్తం రేటే మారిపోయే లెక్క అది. మీటరు చూసే కుర్రాడు వచ్చి బిల్లు చేతిలో పెడితే, మా వీధిలో ప్రతి ఇంటివాళ్ళూ దాన్ని ఒకసారి తిరగేసి, ఇది మనదేనా అని మళ్ళీ పేరు చూసుకున్నారు. పక్కింటికి వచ్చిన బిల్లయితే మా అందరి బిల్లులకీ తాతలా ఉంది. వాళ్ళకి రెండు వాటాలకీ కలిపి ఒకటే మీటరు. నాన్న ఉన్నప్పుడు పెట్టించింది. వచ్చిన బిల్లు చెరి సగం కట్టుకునేవాళ్ళు.

ఉపుల్ ఆ కాగితం పట్టుకుని మెట్ల మధ్యలో నిలబడ్డాడు. కింద నుంచి రమ్యలత అంది.

"మల్లీ, నాకు ఒక ఫ్యాను, ఒక లైటు, ఒక మిషను. ఫ్రిజ్ కూడా లేదు. ఇంత బిల్లు నా వల్ల వచ్చిందంటే బుద్ధుడు కూడా నమ్మడు."

పై నుంచి ఇనోకా గొంతు, మొగుడితో అంటున్నట్టే, కానీ కింద వినపడేలా వచ్చింది. "కరెంటు మిషను పొద్దున్న మొదలుపెడితే దీపాలవేళ దాకా గడగడా తిరుగుతుంది. ఆ పైన ఇస్త్రీ. ఒకటా రెండా, బడికి బడే తొడుక్కునేన్ని గౌన్లు. అవన్నీ గాలితో ఇస్త్రీ అవుతున్నాయా?"

"రైస్ కుక్కరు, మిక్సీ, ఫ్రిజ్, వాషింగ్ మిషను. పేర్లు చదవడానికే నాకు ఊపిరాడటం లేదు మల్లీ."

ఉపుల్ ఇద్దరికీ తలూపి, బిల్లు మడిచి జేబులో పెట్టుకుని, మా ఇంటికొచ్చి టీ అడిగాడు.

ఆ తర్వాత మొదలైంది పొదుపు. ఎవరు చెప్పినా అంత పట్టుదలగా చేసేవాళ్ళు కారు. తను తగ్గించి చూపిస్తే, బిల్లు అవతలి దానివల్లే వస్తోందని తేలిపోతుంది కదా అని ఇద్దరి ఆశా.

రమ్యలత కుట్టుమిషనుకున్న మోటారు పీకేసి, అటక మీద పడున్న పాత పెడలు దింపి, కొత్త బెల్టు వేయించింది. మిషనుని వసారాలోకి జరుపుకుంది. పగటి వెలుగున్నంత సేపే కుట్టేది. తల్లి నాటి బొగ్గుల ఇస్త్రీపెట్టె తుప్పు గీకి బయటికి తీసింది. కొబ్బరిచిప్పలు కాల్చి అందులో వేసి, నిప్పు రాజుకోవడానికి పెరట్లో నిలబడి అటూ ఇటూ ఊపుతుంటే, గుళ్ళో ధూపం వేస్తున్నట్టే ఉండేది. తెల్ల గౌన్ల మీద మసి పడకుండా పైన పాతగుడ్డ పరిచి ఇస్త్రీ చేసేది. చీకటి పడ్డాక ఒక్క బల్బు. అదీ అన్నం తినేదాకానే.

మేడ మీద రైస్ కుక్కరు బీరువా పైకెక్కింది. ఇనోకా మెట్ల కింద మూడు రాళ్ళు పెట్టి కట్టెపొయ్యి వేసింది. కొబ్బరి మిక్సీలో తిప్పడం మానేసి, కోరాముతో కోరి చేత్తో పాలు పిండింది. ఫ్రిజ్ సాయంత్రం ఆపి పొద్దున్న వేసేది. చేపలు తెచ్చిన రోజు మొత్తం, చింతపండులా పుల్లగా ఉండే గొరక దట్టించి, నీళ్ళు ఇగిరేదాకా వండేసేది. అది మట్టికుండలో రెండు మూడు రోజులున్నా పాడవదు. బట్టలు బావిగట్టు మీద బాది ఉతికేది. వారానికి సరిపడా బట్టలు ఒక్క ఆదివారం పూటే ఇస్త్రీ.

సందుని మా ఇంటికొచ్చి చదువుకునేది. "ఆంటీ, మా ఇంట్లో కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. నిన్న చీకట్లో నాన్న నా పెన్సిళ్ళ డబ్బా తీసి అగ్గిపెట్టె అనుకున్నాడు" అనేది. ఉపుల్ క్రికెట్ చూడటానికి వచ్చేవాడు. మా ఆయన ఏడిపించేవారు, "ఏవయ్యా, మీ ఇంట్లో కరెంటు కూడా ఉపవాసమా?"

"రెండు పూటలా అన్నా. పున్నమి పోయకి ఒక రోజే చేస్తాం ఉపవాసం. మా ఆడవాళ్ళు నెలంతా పట్టారు."

మీటరు కుర్రాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి అక్కాచెల్లెళ్ళిద్దరూ అతని కోసమే కాచుకుని ఉన్నారు. ఒకరు వసారాలో, ఒకరు మెట్ల మీద. బిల్లు తగ్గింది. కానీ గోరంతే తగ్గింది. అన్ని గౌన్లు కాలితో తొక్కి కుట్టినదానికీ, అంత పొగ మింగినదానికీ, ఆ తగ్గింది ఏ మూలకీ రాదు.

రమ్యలత అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. వసారాలో కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటూ, "మల్లీ, నేను ఇంకేం ఆపాలో నాకు తెలియడం లేదు. ఇంక దీపం పెట్టుకుని ఉండాల్సిందే" అంది. తొక్కి తొక్కి ఆమె కాళ్ళు వాచిన సంగతి అప్పుడు చూశాను.

ఇనోకా మెట్ల మీద నుంచి కదల్లేదు. పొగకి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆ రోజు మొదటిసారి వాళ్ళిద్దరికీ ఒకే అనుమానం వచ్చి ఉంటుంది, ఇది ఎదుటి మనిషి పని కాదేమోనని. అయినా ఆ ముక్క పైకి అనుకోవడానికి వాళ్ళ మధ్య మాటల్లేవే.

ఆ ముక్క పైకి అన్నది ఉపుల్. "వచ్చే పోయకి నాకు సెలవు. ఇంట్లో అన్నీ ఆపేద్దాం. పైనా, కిందా. స్విచ్చులు కట్టి, ప్లగ్గులు పీకి, అప్పుడు మీటరు చక్రం చూద్దాం. తిరిగిందా, దొంగ ఎక్కడో ఉన్నట్టు" అన్నాడు.

పోయ రోజు గుడికి వెళ్ళొచ్చాక, సందుని మా ఇంట్లో చదువుకుంటుంటే, ముగ్గురూ వసారాలో మీటరు ముందు చేరారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ తెల్లచీరల్లోనే ఉన్నారు. ఇంత దగ్గరగా నిలబడి రెండేళ్ళయింది. నేను కంచె దగ్గర కరివేపాకు కోస్తున్నాను. కోసిన రెమ్మే మళ్ళీ కోస్తున్నానని మా ఆయన తర్వాత అన్నారు.

"మల్లీ, పైన ఫ్రిజ్ ప్లగ్గు పీకారో లేదో అడుగు."

"పీకాను. కింద దేవుడి దగ్గర చిన్న లైటు కట్టారేమో అడగండి."

"బుద్ధుడి ముందు నూనె దీపం పెట్టాను. దానికి మీటరు లేదని చెప్పు."

"అబ్బా, ఇద్దరూ నాకు చెరో పక్కనే ఉన్నారు. నేను చెప్పక్కర్లేదు, వినపడుతోంది" అన్నాడు ఉపుల్, చెవులు మూసుకుని.

చక్రం కదల్లేదు. కాసేపు ముగ్గురూ దాన్నే చూశారు. నల్లగీత ఎక్కడున్నది అక్కడే ఉంది. ఉపుల్ నిట్టూర్చి, "అంటే దొంగ లేడు. అంతా మన వాడకమే" అనబోతుండగా, ఇంటి వెనక గుర్రుమని బావి మోటారు లేచింది. చక్రం ఒక్కసారి ఉలిక్కిపడి పరుగు అందుకుంది.

"మోటారు ఎవరు వేశారు?" అంది రమ్యలత.

ఎవరూ వెయ్యలేదు. అది వేసేది కాదు. పై ట్యాంకులో నీళ్ళు తగ్గితే దానంతట అదే లేచి, నిండగానే ఆగిపోయేలా ఉపుల్ బంతి లాంటిదొకటి ట్యాంకులో బిగించి చాలా కాలమైంది. అది పెట్టినప్పుడు వీధిలో అందరినీ పిలిచి చూపించాడు. అందుకే మోటారు స్విచ్చు కట్టాలని ఎవరికీ తోచలేదు. అది స్విచ్చులా కాకుండా ఇంట్లో మనిషిలా అయిపోయింది.

"నీళ్ళు తగ్గితే కదా లేచేది. పైన కుళాయి వదిలేశారా?"

"పైన చుక్క వాడలేదు. అందరం ఇక్కడే ఉన్నాం. కిందే..."

ఇనోకా మాట మధ్యలో ఆపేసింది. అందరూ అక్కడే ఉన్నారు, కిందవాళ్ళు కూడా.

ముగ్గురూ మూడు వైపులా వెళ్ళి కుళాయిలన్నీ చూసొచ్చారు. ఒక్కటీ కారడం లేదు. మోటారు ఆగింది. టీ కాచుకుని తాగేంత సేపు గడిచిందో లేదో, మళ్ళీ గుర్రుమంది. ఉపుల్ ట్యాంకు ఎక్కి చుట్టూ తడిమాడు. పొడిగా ఉంది. "నీళ్ళు తాగేస్తోంది ఇల్లు" అన్నాడు పై నుంచి, నోరు తెరుచుకుని.

ఆ మోటారు చప్పుడు మా ఇంటికీ అలవాటే. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, ఎప్పుడు విన్నా తిరుగుతూనే ఉండేది. అది వినపడినప్పుడల్లా రమ్యలత నాతో, "చూడు సుమనా, మేడ మీద మళ్ళీ స్నానాలు" అనేది. ఇనోకా, "కింద మళ్ళీ బట్టలు తడుపుతున్నారు సుమనక్కా, కుట్టేముందు తడుపుతారుగా" అనేది. నేనూ రెండూ నిజమే అనుకున్నాను. బావి నీళ్ళు ఊరికే వచ్చేవి కాబట్టి వాటి లెక్క ఎవరూ చూడలేదు. పైకి ఎక్కేది కరెంటు మీద అన్న సంగతి మర్చిపోయారు. ఒక్కసారి, "ఏవమ్మా, మోటారు ఇన్నిసార్లు ఎందుకు తిరుగుతోంది?" అని ఒకరినొకరు అడుక్కుని ఉంటే, ఆ పూటే తేలిపోయేది.

రమ్యలత ట్యాంకు నుంచి దిగిన గొట్టాలన్నిటినీ కళ్ళతో పట్టుకుని నడిచింది. ఒకటి ఆమె వంటింటికి, ఒకటి స్నానాలగదికి, ఒకటి బావిగట్టుకి. నాలుగోది గోడ దిగి మట్టిలోకి పోయింది. అక్కడ ఆగిపోయింది.

"మల్లీ, ఇది నాన్న వేసిన లైను. ఆంథూరియం పూల షెడ్డుకి."

పూల షెడ్డు ఎప్పుడో పడిపోయింది. అది ఉండే చోట, పెరటి చివర మా కంచె వైపు, ఇప్పుడు గొటుకొల ఆకుకూర తప్ప ఏమీ లేదు. ఆ ఎండలకి మా వీధిలో గడ్డి అంతా ఎండి పీచైపోయినా, అక్కడ మాత్రం అరచేతి వెడల్పు ఆకులతో పచ్చగా కుప్ప పోసినట్టు ఉండేది. పొద్దున్నే రమ్యలత ఒక కట్ట కోసుకునేది, ఆమె లోపలికి పోయాక ఇనోకా ఒక కట్ట. నాకూ కంచె మీద నుంచి ఇద్దరూ ఇచ్చేవాళ్ళు. సన్నగా తరిగి కొబ్బరి కలిపి రోజూ తినేవాళ్ళం. ఇంత ఎండలో ఇంత ఆకేమిటని మాలో ఎవరికీ తోచలేదు. నేల చలవ అనుకున్నాం.

ఉపుల్ పార తెచ్చాడు. నాలుగు వేట్లు వేసేసరికి మట్టి బురదైంది. అయిదో వేటు గొట్టం మీద పడింది. పాత ఇనుప కీలు, తుప్పుపట్టి గుల్లయిపోయి ఉందేమో, పుటుక్కున విరిగింది. నీళ్ళు నిలువెత్తు లేచి ఉపుల్ మొహాన కొట్టాయి. అతను వెనక్కి పడ్డాడు. రమ్యలత వంగి రెండు చేతులతో గొట్టం మూతి మూయబోయింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఇంకా దూరం చిమ్మాయి. తెల్లచీర అంతా ఎర్రబురద.

మెట్ల పైన నిలబడి చూస్తోంది ఇనోకా. రమ్యలత తల పైకెత్తి గొంతు చించుకుని అరిచింది.

"నంగీ! వాల్వు కట్టవే! ట్యాంకు కింద వాల్వు!"

"ఏదక్కా? రెండున్నాయి! ఎర్రదా, నీలందా?"

"ఎర్రది!... కాదు కాదు, నీలందే! నీలం!"

"తిరగట్లేదక్కా!"

"కుడికి తిప్పవే మొద్దూ, కుడికి! అన్నం తినే చేయి వైపు!"

నీళ్ళు తగ్గాయి, గలగల అని, తర్వాత చుక్కలై ఆగాయి. ఉపుల్ బురదలో కూర్చుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. వాళ్ళకీ అప్పుడే తెలిసొచ్చింది, తాము ఏం చేశారో. రమ్యలత చేతులు చీరకి తుడుచుకుని, "మల్లీ, దీనికి మూత తెచ్చి బిగించెయ్" అంది, అలవాటు చొప్పున అతనితోనే. ఇనోకా మెట్ల పై నుంచి లోపలికి వెళ్ళిపోయింది. కానీ కాసేపటికి ఒక పాత తువ్వాలు తెచ్చి మెట్ల కిందకి విసిరింది. ఎవరి కోసమో చెప్పలేదు. రమ్యలత తీసుకుని మొహం తుడుచుకుంది.

గొట్టానికి ఆ రోజే మూత పడింది. మర్నాడు రమ్యలత ఇంకో పట్టు పట్టింది. తనంత తాను తిరిగే మోటారు ఇంట్లో ఉండటానికి వీల్లేదని. "దయ్యంలా లేచేదాన్ని నేను నమ్మను మల్లీ. అది లేస్తే ఎందుకు లేచిందో ఎవరూ అడగరు. చేత్తో వేసి చేత్తో ఆపేదే కావాలి." ఉపుల్‌కి మనసొప్పలేదు. అది అతని బుర్రలోంచి పుట్టిన ఏర్పాటు. అయినా బిల్లు గుర్తొచ్చి విప్పేశాడు.

అక్కడొక చిక్కు వచ్చింది. మోటారు స్విచ్చు రమ్యలత వంటింట్లో ఉంది. ట్యాంకు నిండిందో లేదో కనపడేది మేడ మీద నుంచే. ఉపుల్ తెల్లవారగానే ఆటో తీసుకుని బడిపిల్లల్ని దింపడానికి పోతాడు. సందుని బడికి. మిగిలేది వాళ్ళిద్దరే.

మొదటి రోజు మోటారు వేసి రమ్యలత కిటికీ దగ్గర నిలబడింది. ఇనోకా పైన నిలబడింది. ట్యాంకు నిండింది. ఇనోకా గిన్నె మీద గరిటెతో టంగుమని కొట్టింది. రమ్యలత ఆపింది. రెండు రోజులు గరిటె మోగింది. మూడో రోజు గరిటె దొరకలేదో, విసుగొచ్చిందో, "నిండింది!" అని అరిచింది. కింద నుంచి జవాబు లేదు, మోటారు ఆగింది.

ఆ తర్వాత రోజూ ఉదయం "నిండింది" వినపడేది. కొన్నాళ్ళకి కింద నుంచి "ఊఁ" అని వచ్చింది. ఇంకొన్నాళ్ళకి, "సగం దాకానే వేద్దామా, సాయంత్రం సరిపోతుందా?" "సరిపోదు, ఇవాళ దుప్పట్లు ఉతకాలి." "దుప్పట్లా? అయితే ఉతికిన నీళ్ళు పారబొయ్యకు, వసారా కడుక్కుంటాను." అలా నీళ్ళ మాటలే, అవసరానికి. అంతకు మించి ఒక్కటి లేదు. అయినా ఉపుల్‌కి మెట్ల సర్వీసు సగానికి సగం తగ్గింది.

తర్వాత జరిగింది నాకు ఇనోకా చెప్పింది. ఒక ఉదయం మోటారు తిరుగుతుండగా ఆమె మెట్లు దిగి అక్క వంటింటి గుమ్మంలోకి వచ్చిందట. దానం రోజు తర్వాత ఆ గుమ్మం దగ్గరికి రావడం అదే మొదటిసారి. రమ్యలత ముక్కాలి పీట మీద కూర్చుని గౌనుకి బొత్తాలు కుడుతోంది. తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది.

"అక్కా, ఆ రోజు నేను నీకెవరున్నారని అన్నాను చూడూ..."

"మోటారు చప్పుడులో ఏం వినపడటం లేదు" అంది రమ్యలత, దారం కొరుకుతూ.

ఇనోకా రెండడుగులు లోపలికి వేసి, చెయ్యి చాపి మోటారు ఆపేసింది. వంటిల్లు నిశ్శబ్దమైపోయింది.

"ఆ రోజు నీకెవరున్నారని అన్నాను. ఆ మాట అనకూడదు. అన్న క్షణం నుంచీ తెలుసు. మెట్లు దిగి చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది."

రమ్యలత సూది గౌనుకే గుచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మ నీ చేతి ముద్ద తినలేదని నేను అన్నాను. అబద్ధం. చివరి నెలలో ఏదీ సయించక నువ్వు కొబ్బరిపాలతో వండిన కిరిబత్ అన్నం అడిగి తినేది. 'చిన్నది చేస్తే పాలు విరగవు' అనేది. నాకు ఒళ్ళు మండేది. పొద్దస్తమానం ఆమె పక్కన ఉండేది నేను, మెచ్చుకునేది నిన్ను."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"చెప్తే ఇంకా పొంగిపోయేదానివి." సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ అంది, "చెప్పాల్సింది."

ఇనోకా గుమ్మంలోనే కూర్చుని కొంగుతో ముక్కు తుడుచుకుంది. అక్క ఆమెనే చూస్తూ, ఆఖరికి, "ట్యాంకు సగమే నిండింది నంగీ. మోటారెయ్. బియ్యం కడగాలి" అందట.

ఆ నెల బిల్లు తెచ్చిన మీటరు కుర్రాడు అంకెలు రెండుసార్లు కొట్టి చూసుకున్నాడు. "ఇంటికి తాళం వేసి ఊరెళ్ళారా?" అని అడిగాడు. బిల్లు సగానికి పైగా పడిపోయింది. బావిలో నీళ్ళు కూడా రెండు మెట్లు పైకొచ్చాయి. ఫ్రిజ్ మళ్ళీ రాత్రుళ్ళు నడుస్తోంది. కుట్టుమిషనుకి మోటారు తిరిగి పెట్టుకోమని ఇనోకాయే పోరి పోరి పెట్టించింది, అక్క మోకాళ్ళు చూడలేక. కట్టెపొయ్యి మాత్రం ఉంచుకున్నారు. కుండలో చేపలు ఆ పొయ్యి మీదే రుచి అని సందుని కూడా ఒప్పుకుంది. రాత్రి చదువు వాళ్ళ ఇంట్లోనే, పెద్దమ్మ బల్ల దగ్గర, ఇద్దరికీ ఒకే లైటు కింద. ఇటు ఈ పిల్ల పుస్తకం, అటు ఆవిడ బొత్తాలు.

దానివల్ల బిల్లు ఎవరికి ఎంత పడుతుందని వాదన వచ్చింది. "నా కూతురు నీ లైటు వాడుతోంది, నేనే ఎక్కువ కడతాను" అని చెల్లెలు. "నా వెలుగులో నా పిల్ల చదువుకుంటే నువ్వెవరు కట్టడానికి?" అని అక్క. ఈ గొడవకి ఉపుల్‌ని ఎవరూ పిలవలేదు. వాళ్ళే మొహాలు మొహాలు చూసుకుని అరుచుకున్నారు. అతను మా ఇంట్లో క్రికెట్ చూస్తూ, "అబ్బ, ఎంత హాయిగా తిట్టుకుంటున్నారో" అన్నాడు.

మొన్న ఉదయం పొయ్యి మీద పాలు పెట్టి బయటికొచ్చాను. పక్కింట్లో మోటారు తిరుగుతోంది. ఎంతసేపటికీ "నిండింది" వినపడలేదు. కంచె దగ్గరికి వెళ్ళి చూస్తే, మేడ మీది ట్యాంకు పొంగి, నీళ్ళు గోడ వెంట జారి, మెట్ల మీదుగా పారుతున్నాయి. అక్కాచెల్లెళ్ళు కింద వసారాలో గౌన్ల గుట్ట మధ్య కూర్చుని, కజిన్ పెళ్ళికి ఏ రంగు చీర కట్టాలో తేల్చుకుంటున్నారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడుతున్నారు.

"అమ్మాయిలూ! నిండింది!" అని నేనే అరిచాను.

ఇద్దరూ ఒక్కసారే లేచి వంటింట్లోకి పరిగెత్తారు.